బెంగళూరులో పసిబిడ్డ వైద్యం: ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ పెట్టనక్కర్లేదు

బతుకుతెరువుకి బెంగళూరు వచ్చిన మన తెలుగు ఇళ్లలో తొలి బిడ్డ పుట్టగానే మొదలయ్యే ప్రశ్న ఒకటే. గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్దామా, ప్రైవేటుకి వెళ్దామా? అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు నుంచి వచ్చి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, బిల్డింగు పనుల్లో, సెక్యూరిటీ డ్యూటీల్లో ఉన్నవాళ్లూ అదే అడుగుతారు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లూ అదే అడుగుతారు. పెద్దవాళ్లు ఊళ్లో ఉంటారు, ఇక్కడ చెప్పే దిక్కుండదు. దాంతో పక్క వీధిలో బోర్డు కనిపించిన పిల్లల క్లినిక్కే దిక్కవుతుంది. టీకాలన్నీ అక్కడే, తుమ్మినా దగ్గినా అక్కడికే. బిడ్డకి ఏడాది నిండేలోపు చేతిలో ఉన్నదంతా అలా కరిగిపోతుంది. ఆ తర్వాత నిజంగా న్యుమోనియా వచ్చి బెడ్ కావాల్సి వస్తే అప్పుకి పరుగెత్తాలి.

నా అభిప్రాయం ముందే చెప్తాను. టీకాలు గవర్నమెంటులోనే వేయించండి, ఏ అనుమానమూ పెట్టుకోకుండా. ప్రాణం మీదికొచ్చే జబ్బైతే చిన్న నర్సింగ్ హోముల దగ్గర ఆగకుండా పిల్లల వార్డు, ఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. అలాంటివి ఈ ఊళ్లో గవర్నమెంటువే మంచివి ఉన్నాయి. మధ్యలో వచ్చే జలుబు, జ్వరం, విరేచనాలకి మాత్రం ఇంటికి ఏది దగ్గర, ఏ టైములో తెరిచి ఉంటుంది అన్నది చూసుకుంటే చాలు. ప్రైవేటు డాక్టరుకి పెట్టే డబ్బు వృథా అని నేననను. అది గవర్నమెంటులో దొరకని వాటికి దాచుకోవాలి, అంతే.

టీకాలు: ఇక్కడే ఎక్కువ డబ్బు పోతుంది, ఇక్కడే పోనక్కర్లేదు

పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. 6, 10, 14 వారాలకి పెంటావలెంట్, పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండా రోటావైరస్ మందు. 6, 14 వారాలకి వీటితోపాటు న్యుమోనియా రాకుండా న్యుమోకోకల్ టీకా (పీసీవీ), చర్మంలోకి వేసే పోలియో సూది. 9 నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా (తట్టుకి వేసేది), పీసీవీ బూస్టరు, పోలియో సూది మూడో డోసు, మొదటి విటమిన్ ఎ. 16 నుంచి 24 నెలల మధ్య మీజిల్స్-రుబెల్లా రెండోది, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకి) బూస్టరు, పోలియో బూస్టరు. మళ్లీ ఐదారేళ్లప్పుడు డీపీటీ. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (మెదడువాపు) ఉన్న జిల్లాల్లో ఆ టీకా కూడా. ఇదంతా పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పైసా లేకుండా వేస్తారు. పెంటావలెంట్ ఒక్క సూదిలోనే కంఠసర్పి అనే డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, న్యుమోనియా లాంటివి తెచ్చే హిబ్ క్రిమి, ఈ అయిదింటి మీదా రక్షణ ఉంటుంది.

ఇవే టీకాలు ప్రైవేటులో వేయిస్తే ఏమవుతుంది? అక్కడ సాధారణంగా ఆరు జబ్బులకి కలిపిన ఖరీదైన సూది, విదేశీ కంపెనీ పీసీవీ వాడతారు. ఒక్కోటి మూడు నాలుగు వేలు ఉంటుంది. 6, 10, 14 వారాల విడతలు మూడూ కలిపితే ఇరవై వేలు దాటడం మామూలే. గార్మెంట్స్‌లో టైలరుగా చేసే అమ్మాయికి అది నెల జీతం కన్నా ఎక్కువ.

మరి ఆ డబ్బుకి అదనంగా వచ్చేదేమిటంటే, ముఖ్యంగా జ్వరం తక్కువ. ప్రైవేటువాళ్లు 'పెయిన్‌లెస్' అని చెప్పేది కోరింత దగ్గు భాగంలో తేడా ఉన్న రకం. క్రిమి మొత్తాన్ని చంపి వాడే పాత రకానికి బదులు దానిలోని కొన్ని ప్రోటీన్లు మాత్రమే అందులో ఉంటాయి. అందుకే జ్వరం, తొడవాపు తగ్గుతాయి. కానీ కోరింత దగ్గు మీద రక్షణ ఎక్కువ కాలం నిలిచేది పాత రకం టీకాతోనే. ఒక రాత్రి ఏడుపు, ఒకటి రెండు రోజుల జ్వరం, సూది వేసినచోట చిన్న గడ్డ, ఇంతే దాని ఖరీదు. నర్సు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చుక్కలు వేస్తే ఆ రాత్రి గడుస్తుంది. ఇంతకుముందు టీకా వేశాక ఫిట్స్ వచ్చిన బిడ్డకి మాత్రం తర్వాతి డోసు గురించి పిల్లల డాక్టరుతో మాట్లాడకుండా వేయించకండి.

'గవర్నమెంటు టీకాలు పాడైపోయి ఉంటాయట కదా' అన్నమాట చాలామంది నోట విన్నాను. దీనికి మీ కళ్లతో మీరే చూసుకోగలిగే జవాబుంది. టీకా సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు, దాని మధ్యలో ఒక చదరం ఉంటాయి. సీసాకి వేడి తగిలిన కొద్దీ ఆ చదరం ముదురు రంగుకి తిరుగుతుంది. చదరం చుట్టూ ఉన్న వలయం కన్నా లేత రంగులో ఉంటే టీకా బాగున్నట్టు. వలయంతో కలిసిపోయినా, అంతకన్నా ముదిరినా వాడకూడదు. నర్సమ్మని చూపించమని అడగండి, చూపిస్తారు. మా ఇంటి దగ్గర కేంద్రంలో ఒకామె అడక్కుండానే సీసాని వెలుతురుకి పట్టి చూసుకుని, తర్వాతే సిరంజీ అందుకుంటారు.

ఇంకో ఫిర్యాదు: 'వెళ్తే ఇవాళ లేదు, ఫలానా రోజు రమ్మన్నారు.' దీని వెనక కారణం తెలిస్తే కోపం రాదు. బీసీజీ, మీజిల్స్-రుబెల్లా టీకాలు పొడిగా వస్తాయి. నీళ్లు కలిపి సీసా తెరిచాక నాలుగు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పారేయాలి. ఒక్కో సీసాలో చాలామంది పిల్లలకి సరిపడా మందు ఉంటుంది. ఒక్క బిడ్డ కోసం తెరిస్తే మిగతాదంతా వృథా. అందుకే వారంలో ఒక రోజు అందర్నీ ఒకేసారి రమ్మంటారు. మన ఆంధ్రలో బుధవారం, శనివారం అలవాటు. ఇక్కడ ఎక్కువ కేంద్రాల్లో అది గురువారం. మీ కేంద్రంలో ఏ రోజో ఒక్కసారి అడిగి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. రోజు కూలి పోతుందన్నది నిజమైన ఇబ్బందే, కాదనను. తొమ్మిదికల్లా చేరితే మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లొచ్చు. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోబెడతారు. బిడ్డకి పడకపోతే వెంటనే తెలియాలని. ఆ అరగంటని తప్పించుకుని రాకండి.

ఒక తేడా నిజాయితీగా చెప్పాలి. గవర్నమెంటు పట్టికలో లేని టీకాలు కొన్ని ఉన్నాయి. టైఫాయిడ్, గవదబిళ్లలు, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ, ఫ్లూ. ప్రైవేటు డబ్బు పెట్టాల్సింది సరిగ్గా ఇక్కడ. అన్నీ కొనలేకపోతే నేను మొదట టైఫాయిడ్ కాంజుగేట్ టీకా అంటాను. ట్యాంకరు నీళ్లు, బోరు నీళ్లు, బండి మీద తినుబండారాల మధ్య పెరిగే పిల్లలకి అది పనికొస్తుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకి ఒక్క సూది చాలు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి, ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్లకి ఫ్లూ టీకా ముందు పెట్టుకోవాలి. మొదటి ఏడాది నెల తేడాతో రెండు డోసులు, ఆపైన ఏటా ఒకటి. ఆటలమ్మ, హెపటైటిస్ ఎ ఏడాది దాటాక చూసుకోవచ్చు. ఇవి వేయించే ముందు కంపెనీని బట్టి ధర ఎంతో అడగండి. ఒకే టీకాలో చౌకరకం ఉంటుంది, అడగకపోతే ఖరీదైనదే బయటికి వస్తుంది.

సగం ప్రైవేటులో వేయించి ఆపేసినవాళ్లకి ఒక మాట. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు. ఆ ఫైలు పట్టుకుని కేంద్రానికి వెళ్తే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి వేస్తారు.

చిన్న జబ్బులు: నమ్మ క్లినిక్కా, పక్క వీధి డాక్టరా

2022 డిసెంబరు నుంచి కర్ణాటక ప్రభుత్వం వార్డుల్లో 'నమ్మ క్లినిక్'లు తెరవడం మొదలుపెట్టింది. పొద్దున 9 నుంచి సాయంత్రం 4:30 దాకా ఒక ఎంబీబీఎస్ డాక్టరు, నర్సు, ల్యాబ్ మనిషి ఉంటారు. చూడటం, మందులు, మామూలు రక్తపరీక్షలు ఉచితం. అంతకు పెద్దది పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దాదాపు యాభై వేల మందికి ఒకటి అన్న లెక్కన పెట్టినవి. ఈ రెండింటిలోనూ ఉండేది మామూలు డాక్టరే, పిల్లల స్పెషలిస్టు కాదు. పక్క వీధి ప్రైవేటు క్లినిక్కులో పిల్లల డాక్టరు ఉంటారు. ఐదారు వందల నుంచి వెయ్యి దాకా ఫీజు, సాయంత్రం, ఆదివారం కూడా తెరిచి ఉంటుంది.

ఆరు నెలలు దాటి, ఆడుకుంటూ, పాలు తాగుతున్న బిడ్డకి జలుబు, దగ్గు, ఓ మోస్తరు జ్వరం అయితే నమ్మ క్లినిక్ చాలు. విరేచనాలకి ఇంకా మంచిది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు అక్కడ ఊరికే ఇస్తారు, ఆశా కార్యకర్త దగ్గరా దొరుకుతాయి. ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకి చేటు. లీటరు వాటర్ బాటిల్‌ని కొలతగా పెట్టుకోండి. కలిపింది ఒక్క రోజే వాడాలి. జింకు 2 నుంచి 6 నెలల బిడ్డకి రోజుకి 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే 20, విరేచనాలు ఆగినా సరే 14 రోజులు పూర్తిగా వేయాలి. ఆగగానే మానేయడం మన ఇళ్లలో మామూలుగా జరిగే పని. రక్తం పడని నీళ్ల విరేచనాలకి ఎక్కువసార్లు యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. వెళ్లిన మొదటిరోజే రంగురంగుల సిరప్పులు నాలుగు రాసే క్లినిక్కుల దగ్గర అవి దేనికని అడగడం తప్పేం కాదు.

ప్రైవేటు పిల్లల డాక్టరుకి ఫీజు కట్టడం ఎప్పుడు సరైనది? రాత్రి ఎనిమిదికి జ్వరం వచ్చి నమ్మ క్లినిక్ మూసేసినప్పుడు. మూడు రోజులైనా జ్వరం దిగనప్పుడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని ఒకే డాక్టరు మొదటి నుంచీ చూడాలనుకున్నప్పుడు. ఎంచుకునేటప్పుడు 'ఎండీ పీడియాట్రిక్స్' లేదా 'డీసీహెచ్' అని పిల్లల వైద్యం చదివిన డిగ్రీ బోర్డు మీద ఉందా చూడండి. 'చైల్డ్ స్పెషలిస్ట్' అన్న మాట ఒక్కటే ఉంటే చాలదు.

ఇక్కడ ఒక గీత గట్టిగా గీయాలి. రెండు నెలలలోపు పసికందుకి జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా, పాలు పట్టకపోయినా క్లినిక్కుల చుట్టూ తిరగకండి, ఏ క్లినిక్కైనా సరే. నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. పుట్టిన 24 గంటల్లోపే ఒళ్లు పసుపెక్కితే, లేదా ఎప్పుడైనా అరచేతులు, అరికాళ్ల దాకా పసుపు పాకితే అదీ అంతే. పొద్దుటెండలో పడుకోబెడితే పోతుందని ఊరుకుంటే మెదడుకి దెబ్బ తగలొచ్చు. కాస్త పెద్ద పిల్లల్లో చూడాల్సినవి: ఫిట్స్, తాగినదంతా కక్కేయడం, పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోవడం, మగతగా పడి ఉండటం, ఊపిరికి డొక్కలు ఎగరేయడం. ఊపిరి లెక్క కూడా మీరే చూడొచ్చు. బిడ్డ నిద్రలోనో, నెమ్మదిగానో ఉన్నప్పుడు పొట్ట దగ్గర గుడ్డ తీసి, ఫోనులో టైమరు పెట్టి నిండు నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలలలోపు 60 గానీ పైన గానీ, ఏడాదిలోపు 50 గానీ పైన గానీ, ఐదేళ్లలోపు 40 గానీ పైన గానీ ఉంటే అది మామూలు దగ్గు కాదు. ఫోనులో డాక్టరుకి 'దగ్గుతున్నాడు' అనడం కన్నా 'నిమిషానికి 58 సార్లు పీలుస్తున్నాడు' అని చెప్తే వాళ్లు ఉలిక్కిపడి లేస్తారు.

పెద్దాసుపత్రులు: వాణీ విలాస్, ఇందిరాగాంధీ, మిగిలినవి

కే.ఆర్. మార్కెట్ దగ్గర విక్టోరియా ఆసుపత్రి ఆవరణను ఆనుకుని ఉన్న వాణీ విలాస్ తల్లుల, పిల్లల ఆసుపత్రి. బెంగళూరు మెడికల్ కాలేజీకి చెందినది. ప్రసవం, పుట్టిన బిడ్డకి ప్రత్యేక వార్డు, పిల్లల వార్డు అన్నీ ఒకేచోట. తల్లిపాల బ్యాంకు కూడా ఉంది. కాన్పు కష్టమయ్యేలా ఉన్నా, నెలలు నిండకుండా బిడ్డ పుట్టేలా ఉన్నా నేను దీన్నే ముందు చెప్తాను. బిడ్డని పుట్టాక అంబులెన్సులో మార్చడం కన్నా కడుపులో ఉండగానే అక్కడికి చేరడం ఎంతో మేలు. కంటి సంగతైతే పక్కనే మింటో ఆసుపత్రి.

నిమ్హాన్స్, కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న వైపు ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ ఉంది. అక్కడ కాన్పులు చేయరు, పూర్తిగా పిల్లల ఆసుపత్రి. కిడ్నీ, నరాలు, ఆపరేషన్లు, పుట్టుకతో వచ్చిన లోపాలు, ఇలా విడివిడి విభాగాలు కావాల్సిన బిడ్డకి ఇది సరైన చోటు. స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థ కాబట్టి అంతా పూర్తి ఉచితం అనుకుని ఖాళీ చేతుల్తో వెళ్లకండి. ఫీజులుంటాయి, ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ, బీపీఎల్ వాళ్లకి రాయితీ. గుండెకి రంధ్రం అన్న మాట వస్తే జయదేవ హృద్రోగ సంస్థకి పంపుతారు. అదీ ప్రభుత్వానిదే.

ఈ రెండింటి దాకా పోనక్కర్లేని జబ్బులకి మల్లేశ్వరం కే.సి. జనరల్, జయనగర్ జనరల్, ఇందిరానగర్ సర్ సి.వి. రామన్, శివాజీనగర్ బౌరింగ్ ఉన్నాయి. కేఆర్ పురం, మారతహళ్లి వైపు ఉన్నవాళ్లకి సి.వి. రామన్, బౌరింగే దగ్గర. న్యుమోనియాకి నాలుగు రోజుల బెడ్, సెలైన్, ఆక్సిజన్ అయితే ఊరు ఆ చివరికి పోవడం దేనికి? పిల్లల ఐసీయూ అవసరమని వీళ్లే తేలిస్తే వీళ్లే రిఫరల్ రాసి 108లో పంపుతారు. ఆ రిఫరల్ కాగితం తర్వాత ఇన్సూరెన్సుకీ పనికొస్తుంది.

ఓపీకి వెళ్లేటప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లండి. చీటీ లైను ఒకటి, డాక్టరు గది లైను ఇంకొకటి, రక్తపరీక్ష లైను మూడోది. ఒకరు లైన్లలో నిలబడితే ఇంకొకరు బిడ్డని ఎత్తుకుని కూర్చోవచ్చు. ముందు చిన్న డాక్టరు చూసి అన్నీ అడుగుతారు, పెద్ద డాక్టరు వచ్చి అవే మళ్లీ అడుగుతారు. విసుక్కోకండి, ఆ రెండోసారి అడగడంలోనే మొదటిసారి మీరు మర్చిపోయింది బయటపడుతుంది. కన్నడ రాదని జంకకండి. ఈ ఆసుపత్రుల్లో తెలుగు తెలిసినవాళ్లు చాలామందే దొరుకుతారు.

ప్రైవేటు నర్సింగ్ హోముల సంగతి వేరు. వెంటిలేటరు లేని చోట బిడ్డని రెండు రోజులు ఉంచుకుని, పరిస్థితి విషమించాక 'పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి' అనడం నేను దగ్గర్నుంచి చూశాను. ఆ రెండు రోజుల బిల్లు డబ్బు వాళ్లకి, విషమించిన బిడ్డ మీకు. చేర్చేముందు అడగాల్సిన ప్రశ్నలు మూడే: రాత్రి పిల్లల డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఇక్కడ పసిపిల్లల వెంటిలేటరు ఉందా, రోజుకి అంతా కలిపి ఎంత? జవాబు తడబడితే బయల్దేరండి. గవర్నమెంటుకీ కార్పొరేటుకీ మధ్య రకం కావాలనుకుంటే సెయింట్ జాన్స్, సెయింట్ మార్తాస్, హెబ్బాళ దగ్గర బాప్టిస్ట్ ఆసుపత్రుల్లాంటి ట్రస్టులవి చూడొచ్చు. జనరల్ వార్డు అడగండి, అక్కడి సోషల్ వర్కర్‌ని కలిసి రాయితీ గురించి మాట్లాడండి.

ఏ కార్డు దేనికి

ముందుగా కార్డే అక్కర్లేనిది. జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011 జూన్ నుంచి ఉంది. గవర్నమెంటు ఆసుపత్రిలో కాన్పైన ఏ తల్లికైనా కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, పరీక్షలు, భోజనం, ఇంటికి దించే బండి ఉచితం. బిడ్డకి ఏడాది నిండేదాకా గవర్నమెంటు ఆసుపత్రిలో వైద్యమూ ఉచితమే. మీది ఏ రాష్ట్రం రేషన్ కార్డన్న ప్రశ్న దీనికి లేదు. బయటి నుంచి మందు తెచ్చుకోమని చీటీ ఇస్తే, 'స్టోర్‌లో లేదా సార్' అని ఒక్కమాట అడిగి, తప్పదంటే జన ఔషధి దుకాణంలో కొనండి.

తర్వాత ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా. దీన్ని మనవాళ్లు మర్చిపోయినంతగా మరి దేన్నీ మర్చిపోరు. నెలకి 21,000 లోపు జీతమున్న గార్మెంట్, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఉద్యోగులకి జీతంలోంచి 0.75 శాతం కోత పడుతుంది, యజమాని 3.25 శాతం కలుపుతాడు. ఆ డబ్బు మీదే. భార్యాభర్తల్లో ఒకరికి ఉన్నా బిడ్డకి పూర్తి వైద్యం, ఖర్చుకి పరిమితి లేకుండా. రాజాజీనగర్‌లో ఈఎస్ఐ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, ఇందిరానగర్‌లో మరొకటి ఉన్నాయి. నాకు తెలిసిన ఒక టైలరమ్మ పే స్లిప్పులో ప్రతినెలా ఈఎస్ఐ అని కోత కనిపిస్తున్నా బిడ్డ పేరు ఎక్కించుకోలేదు. ఎక్కించాలని ఫ్యాక్టరీలో ఆమెకెవరూ చెప్పలేదు. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ రాగానే హెచ్ఆర్ దగ్గరికి వెళ్లి పేరు, ఫోటో చేర్పించండి. జబ్బు చేశాక చేర్పించబోతే ఆలస్యమవుతుంది.

కర్ణాటక బీపీఎల్ రేషన్ కార్డుంటే ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా. ఏపీఎల్ (పేదరిక రేఖకి పైనున్న) వాళ్లకి చికిత్సకి పెట్టిన ప్యాకేజీ ధరలో 30 శాతం, గరిష్ఠంగా లక్షన్నర. ప్రైవేటులో వాడాలంటే ఎమర్జెన్సీ కాకపోతే ముందు గవర్నమెంటు ఆసుపత్రి రిఫరల్ కావాలి. ఇందాక చెప్పిన కాగితం అదే.

ఊళ్లో కార్డుంచుకుని ఇక్కడ ఉంటున్నవాళ్లే మనలో ఎక్కువ. ఆంధ్ర కార్డు ఉన్నవాళ్లకి ఆరోగ్యశ్రీని 2019 నవంబరు నుంచి హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల్లోని కొన్ని ఆసుపత్రులకీ, కొన్ని పెద్ద చికిత్సలకీ విస్తరించారు. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. గుండె ఆపరేషన్ లాంటివాటికి ఇది పనికొస్తుంది, జ్వరానికి కాదు. ఆసుపత్రిలో చేరకముందే ఆ పథకం కౌంటరు ఉందా, మీ బిడ్డ జబ్బు జాబితాలో ఉందా అడగండి. చేరి డబ్బు కట్టేశాక వెనక్కి రాదు. ఆయుష్మాన్ కార్డు ఉన్నవాళ్లు దాన్ని వేరే రాష్ట్రంలోనూ చూపించొచ్చు.

తొలి కాన్పుకి మాతృ వందన యోజన కింద 5,000 రూపాయలు వస్తాయి. అందులో రెండో విడత బిడ్డకి 14 వారాల టీకాలు పూర్తయ్యాకే పడుతుంది.

జబ్బు లేనప్పుడు చూడాల్సినవి

అంగన్‌వాడీని అన్నం పెట్టే చోటుగానే చూస్తారు, అది తప్పు. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా ఇంటికి పౌష్టికాహారం, మూడు నుంచి ఆరేళ్ల దాకా అక్కడే భోజనం, నెలనెలా బరువు. జబ్బ చుట్టుకొలత టేపు ఆ టీచరు దగ్గర ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల బిడ్డకి 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే ఎర్ర రంగు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. పోషణ పునరావాస కేంద్రంలో చేర్చి ఉచితంగా చూస్తారు. ఇలాంటి లెక్క ఎంత ఖరీదైన క్లినిక్కులోనైనా అడగందే తీయరు. బిల్డింగు సైట్లో షెడ్డులో ఉంటున్నా సరే, దగ్గర్లో ఉన్న అంగన్‌వాడీకి వెళ్లి బిడ్డ పేరు రాయించండి.

నెలలు నిండకుండా, అంటే 34 వారాలలోపు గానీ, రెండు కిలోల లోపు బరువుతో గానీ పుట్టిన బిడ్డకి నెల తిరిగేలోపు కంటి వెనక పొర పరీక్ష చేయించి తీరాలి. బయటికి కళ్లు బాగానే కనిపిస్తాయి, లోపల చూపు పోతుంటుంది. డిశ్చార్జి రోజే ఆ తేదీ రాయించుకోండి. మాట, నడక, వినికిడి ఆలస్యమైతే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. 18 ఏళ్ల దాకా పిల్లలకి పరీక్ష, ఆ తర్వాత వైద్యం ఉచితం. పెదవి చీలిక, వంకర పాదం, గుండె రంధ్రం అన్నీ ఇందులోకి వస్తాయి. అంగన్‌వాడీకి వచ్చే వైద్యబృందాన్నో, ఆరోగ్య కేంద్రం డాక్టర్నో అడగండి.

సంక్రాంతికి, ఊరి జాతరకి బిడ్డతో వెళ్లేవాళ్లు టీకా తేదీ మధ్యలో పడుతుందేమో చూసుకోండి. ఇక్కడి తాయి కార్డు (కర్ణాటకలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డు) మన ఊళ్లో చెల్లుతుంది, అక్కడి తల్లీబిడ్డల కార్డు ఇక్కడ చెల్లుతుంది. ఊళ్లో ఉపకేంద్రానికి బుధవారమో శనివారమో తీసుకెళ్తే వేసి కార్డులో రాస్తారు. నాలుగు రోజులు ఆలస్యమైనా ఏం కాదు, వేయించడం మానొద్దు. కార్డు రెండువైపులా ఫోటో తీసి అమ్మ ఫోనులోనూ నాన్న ఫోనులోనూ పెట్టుకోండి. ఇల్లు మారేటప్పుడు సామాన్లలో మొదట పోయేది అదే.